చూపుముద్ర

అమలాపురంలో కిందటి వారం జరిగిన ఒక పెళ్ళికి పురోహితుడు ఆలస్యంగా వస్తే ఎవరూ కంగారుపడలేదు. ముద్ర ఫోటోగ్రాఫరు ఆలస్యమైతే మాత్రం ముహూర్తాన్నే ఆపేశారు. 2094లో అది వింతేమీ కాదు. జరగని పెళ్ళికి కూడా అడిగినన్ని ఫోటోలు సృష్టించి ఇచ్చే యంత్రాలు ఇంటింటా ఉన్నాయి. అందుచేత మామూలు ఫోటోను కోర్టు నమ్మదు, రిజిస్ట్రారు నమ్మడు, చివరికి పెళ్ళికూతురి మేనమామ కూడా నమ్మడు. ప్రభుత్వం దగ్గర రెండేళ్ళు తర్ఫీదు పొంది, సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళు చూపుముద్ర కెమెరాతో తీసిన ఫోటోకే విలువ.

ఆ పెళ్ళిలో హైమవతి కూడా ఉంది. అమలాపురంలో ఆమెకు తాతల నాటి స్టూడియో ఉంది. తీసే ఫోటోలకు దమ్మిడీ విలువ లేదని తెలిసీ, పాత పరిచయం కొద్దీ పిలిచారు కాబట్టి ఓ మూల నిలబడి తీసింది. "నువ్వు కాస్త పక్కకు జరుగమ్మా, ఆయన తీసుకోవాలి" అని పెళ్ళివారెవరో అన్నారు. ఆ మాట ఆమెకు వారం తిరిగినా మింగుడుపడలేదు.

ఈ సర్టిఫికెట్ నిబంధన అప్పటికింకా తాత్కాలికమే. దాన్ని శాశ్వత చట్టం చెయ్యాలంటే ప్రతి జిల్లా ఫోటోగ్రాఫర్ల సంఘమూ ఒప్పుకుని సంతకం పెట్టాలి. మొదట్లో గట్టిగా ఎదురు తిరిగిన సంఘాలన్నీ ఎందుకో ఒక్కొక్కటే ఒప్పేసుకున్నాయి. మిగిలింది కోనసీమ. ఆ సంఘానికి కార్యదర్శి హైమవతి. ఆమె సంతకం పెట్టకపోతే నిబంధన కొట్టుకుపోతుంది, ఎవరైనా ఆ కెమెరా కొనుక్కుని తీసుకోవచ్చు. మిగతావాళ్ళంతా అమ్ముడుపోయారని నిశ్చయించుకుని, తాను మాత్రం ససేమిరా లొంగనని సంఘం సభ్యులకు మాటిచ్చి, ఆమె చట్టం సంగతి తేల్చే మండలి ముందు తుది విచారణ కోసం విశాఖపట్నం వచ్చింది.

విచారణకు ముందు ఆమెను మండలి కార్యాలయంలోని ఒక గదిలోకి పిలిచారు. కిటికీ నిండా సముద్రం కనిపించే ఆ గదిలో చూపుముద్రను కనిపెట్టిన డాక్టర్ పరాంకుశం కూర్చుని ఉన్నాడు.

"ముందే చెప్పేస్తున్నానండి, సంతకం పెట్టను" అంది హైమవతి కూర్చుంటూనే. "ఫోటో తియ్యడానికి గవర్నమెంటు పర్మిషనేంటండి? రేపొద్దున్న అద్దంలో చూసుకోడానిక్కూడా సర్టిఫికెట్ అడుగుతారు."

"పెట్టొద్దు లెండి" అన్నాడాయన తాపీగా. "మీరు ఎప్పుడైనా ఈ కెమెరా పట్టుకున్నారా?"

"ఎవరు పట్టుకోనిచ్చారండి?"

ఆయన కెమెరాతో పాటు ఒక సన్నటి పట్టీని కూడా ఆమె చేతికిచ్చి కణతలకు పెట్టుకోమన్నాడు. "మామూలు కెమెరా వెలుతుర్ని రాస్తుంది. ఇది చూపుని రాస్తుంది" అన్నాడు.

ఆయన చెప్పిందాని సారాంశం ఇది. కంట్లో పడిన ప్రతిదీ మనం చూసినట్టు కాదు. కంటి తెర మీద పడిన బొమ్మ నాడుల ద్వారా మెదడు వెనక భాగంలో ఉన్న దృశ్యకేంద్రానికి వెళుతుంది. అందులో మెదడు గమనించేది చాలా కొద్ది. పట్టీలోని సెన్సర్లు ఆ గమనికను చదువుతాయి. కెమెరాలోని చిప్పు లెన్సు పట్టిన బొమ్మనూ, మెదడు గమనించిన బొమ్మనూ చుక్కచుక్కగా పోలుస్తుంది. రెండూ కలిసిన చోట ముద్ర పడి ఫోటో తేలుతుంది. కలవని చోట తెల్లటి మంచు మిగులుతుంది. సాక్షి చూడనిది సాక్ష్యం కాదు కదా, అదీ ఆయన ఆలోచన.

హైమవతి కెమెరా ఎత్తింది. చెయ్యి తిరిగిన పనే కాబట్టి మాటలు వాటంతటవే వచ్చేశాయి. "గడ్డం కొంచెం పైకండి. ఎడం భుజం దించండి. ఆ, నవ్వండి."

కెమెరా వెనక ఉన్న తెర మీద ఫోటో తేలింది. పరాంకుశం కాలరు మడత, జేబులో పెన్ను, కళ్ళజోడు మీద మెరుపు, వెనకాల కర్టెను వంకర, అన్నీ అద్భుతంగా వచ్చాయి. ముఖం ఉండాల్సిన చోట మంచు ఉంది.

"పెళ్ళి ఫోటోగ్రాఫర్లందరికీ ఇదే వస్తుందండి" అని ఆయన నవ్వాడు. "ఎవరు అడ్డం వస్తారో చూస్తారు, బాసికం పక్కకి పోయిందేమో చూస్తారు. పెళ్ళికూతుర్ని మాత్రం చూడరు."

హైమవతి తాను తీసిన పెళ్ళికూతుళ్ళలో ఒక్కరి ముఖమైనా గుర్తు తెచ్చుకుందామని చూసింది. నగలు గుర్తొచ్చాయి, పట్టుచీరల అంచులు గుర్తొచ్చాయి. ముఖం ఒక్కటీ రాలేదు.

ఈసారి ఆమె గడ్డం ఎత్తమనలేదు, నవ్వమనలేదు. ఊరికే చూసింది. ఆయన కనుబొమ్మ దగ్గర చిన్న మచ్చ ఉంది. కళ్ళ కింద ఏనాటిదో అలసట ఉంది. ఏదో చెప్పబోయి మానుకునే మనిషి పెదవులు అవి. మీట నొక్కింది. తెల్లవారాక గోదావరి మీద మంచు విడిపోయినట్టు ఆ ముఖం మెల్లగా తేలి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అంత నిండుగా ఏ మనిషి ముఖాన్నీ చూడలేదేమో అని ఆమెకు అనిపించింది.

వెంటనే కిటికీ వైపు తిరిగి సముద్రాన్ని తీసింది. ఒక అల, ఒక పడవ, మిగతాదంతా మంచు. కోనసీమలోని ఓడలరేవు తీరంలో ఆడుకుంటూ పెరిగిన మనిషికి అంతకంటే పౌరుషం తెప్పించేది ఏముంటుంది? నిలబడి చూసి మళ్ళీ తీసింది. అల విరగబోయే ముందు దాని నడుం దగ్గర మెరిసే పచ్చదనం వచ్చింది. ఇంకాసేపు చూసి తీస్తే నీటి మీద నడిచే మబ్బు నీడ వచ్చింది. తీసిన కొద్దీ సముద్రం పెరుగుతూనే పోయింది. ఎంత చూసినా ఆ చివర ఇంకా కొంత మంచు మిగిలే ఉంది. లోకం ఇంత ఉందా, తను ఇన్నాళ్ళూ ఇందులో ఏ మూల బతికింది అనుకుంటే ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"ఇలాంటిదాన్ని తాళం వేసి దాస్తారేంటండి?" అంది. "ప్రతి ఇంట్లోనూ ఉండాలి. విచారణలో ఇదే చెబుతాను."

"చెప్పండి. విచారణ నాలుగింటికి కదా, అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఈలోగా మీవాళ్ళనెవరినైనా ఒక ఫోటో తియ్యండి."

"మీ ఇంట్లో తీశారా మీరు?"

పరాంకుశం బల్ల మీది కాగితాలు సర్దాడు. "తియ్యలేదండి" అన్నాడు.

బయట గోడ నీడన హైమవతి భర్త సత్తిరాజు క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ స్టూడియోలో లైటు పని అతనిదే. ఆమె ఏ పెళ్ళికి వెళ్ళినా పక్కనే లైటు పట్టుకుని నిలబడేది అతనే. సంగతంతా విని, జుట్టు వేళ్ళతో దువ్వుకుని నిటారుగా కూర్చున్నాడు.

"తియ్యి మరి. మంచి చొక్కా వేసుకొచ్చాను లే."

హైమవతి ధీమాగా తీసింది. ఇతన్ని కాక ఇంకెవరిని చూసింది తను?

తెర మీద రెండు చేతులు వచ్చాయి. లైటు స్టాండు పట్టుకుని పట్టుకుని కాయలు కాసిన అరచేతులు, కొద్దిగా వంగిన చిటికెన వేలు, నరాలతో సహా ప్రాణం ఉన్నట్టు వచ్చాయి. మణికట్టు దాటాక ఏమీ లేదు. కళ్ళు పెద్దవి చేసుకుని అతని ముఖంలోకే చూస్తూ మళ్ళీ తీసింది. కంగారులో ఏం చూసిందో ఏమో, ఈసారి చేతులతో పాటు చొక్కా గుండీలు వచ్చాయి.

దాచేలోపే సత్తిరాజు తొంగి చూశాడు.

"పోన్లే, చేతులైనా పడ్డాయి" అన్నాడు. "లైటు ఇటు, లైటు అటు అంటా వాటినేగా చూస్తావు."

కోప్పడినా బాగుండేది అనుకుంది హైమవతి. అతను చెయ్యి చాపాడు. "ఏదీ, ఇలా తే. నిన్ను తీస్తాను."

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. అతను తీస్తే ఏం వస్తుంది? మంచులో రెండు గాజులు వస్తాయా? మెళ్ళో కెమెరా ఒక్కటే వచ్చి ఊరుకుంటుందా? ఏమీ రాకపోతే? తను లేని ఆ తెల్లటి ఫోటో ఒకసారి కళ్ళారా చూశాక ఆ మనిషి పక్కన కూర్చుని అన్నం ఎలా తినాలి? పోనీ నఖశిఖపర్యంతం తనే వస్తే, తను తీసిన ఈ ఉత్త చేతుల ఫోటోలను అతని ఎదట ఎక్కడ దాచుకోవాలి? ఏది వచ్చినా తట్టుకునే శక్తి తనకు లేదని ఆమెకు తెలిసిపోయింది.

"వద్దండీ" అంది.

"ఏం?"

"మీకు సర్టిఫికెట్ లేదు."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని నమ్మడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

నాలుగింటికి మండలి ముందు హైమవతి సంతకం పెట్టింది. మనసు ఎందుకు మార్చుకున్నారని అధ్యక్షురాలు అడిగితే చాలా చక్కగా మాట్లాడింది. ఆపరేషను కత్తి డాక్టరు చేతిలో ఉంటేనే క్షేమమనీ, తర్ఫీదు లేనివాళ్ళ చేతికిస్తే అనర్థమనీ చెప్పింది. చట్టం ఖాయమైంది. కెమెరా తిరిగి తీసుకుంటూ పరాంకుశం ఆమెకు మాత్రమే వినపడేలా, "మిగతా జిల్లాలవాళ్ళు కూడా ఇదే చెప్పారండి. ఇంట్లో ఏం తీశారో మాత్రం ఎవరూ చెప్పలేదు" అన్నాడు. వాళ్ళెవరూ అమ్ముడుపోలేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

బస్టాపు దాకా ఇద్దరూ నడిచారు. హైమవతికి మనసు ఒప్పలేదు. సిగ్గుగానూ ఉంది, జాలిగానూ ఉంది. చివరికి తెగించి అడిగేసింది.

"పోనీ మీరు తర్ఫీదుకి వెళ్ళకూడదూ? రెండేళ్ళేగా. సర్టిఫికెట్ వచ్చాక నన్ను తీద్దురు గాని."

సత్తిరాజు క్యారేజీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఈ వయసులో నాకెందుకే ఆ చదువులు" అని, హమ్మయ్య అన్నట్టుగా ఊపిరి వదిలాడు. ఇందాక చెయ్యి చాపినప్పుడు అతను కూడా తనలాగే భయపడ్డాడని ఆమెకు అర్థమైంది. తన ప్రాణం కూడా తేలికపడింది. బస్సు వచ్చేదాకా ఇద్దరూ భుజం భుజం ఆనించుకుని నిలబడి, ఎదురుగా ఉన్న సముద్రాన్ని తప్ప ఇంక దేన్నీ చూడలేదు.