పందులు మెచ్చిన రాయి

"నీ కచేరీకి నిన్న పదకొండు పందులు వచ్చాయి," అంది సెన్, బుట్ట దభీమని కింద పడేసి. "నాలుగు సాళ్ళ మొక్కజొన్న తినేసి మరీ వెళ్ళాయి."

ఖియెమ్ చేతిలో ఉలి ఆగిపోయింది. తో హాప్ లోయలో రాతితో పాట పలికించడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరును ఊరంతా తిప్పింది ఎక్కువగా అతనే.

వాగు నీళ్ళకి సుత్తులు కదిలి, చేలో వేలాడే రాళ్ళను కొడుతుంటాయి. ఆ మోతకి అడవి పందులు పారిపోవాలి. సెన్ వాళ్ళ చేలో ఒక రాయి పగిలితే కొత్తది చేసిపెట్టమన్నారు. వాళ్ళడిగింది బెదిరించే రాయి. ఈ మహానుభావుడు నెల రోజులు చెక్కి చెక్కి ఇచ్చింది సంగీతం.

"బాగా మోగలేదా?" అన్నాడు నీరసంగా.

"అయ్యో, అద్భుతం! ఒక తల్లి పందైతే కళ్ళు మూసుకుని మరీ నమిలింది. మా మావయ్య చూశాడు. పందినే అదిలించలేనివాడు రేపు మన చేను ఏం కాస్తాడే అన్నాడు."

"మీ చేను నేనెందుకు కాస్తాను?"

సెన్ ముఖం ఎర్రబడింది. "ఊరికే అన్నాడులే. ముందు వచ్చి రాయి సంగతి చూడు."

ఖియెమ్‌కి అప్పుడు వెలిగింది. వాళ్ళ రగ్లాయ్ తెగలో సంబంధం అడగాల్సింది ఆడపిల్ల తరఫువాళ్ళే. పెళ్ళయ్యాక మగవాడు అత్తారింటికి వెళ్ళి వాళ్ళ చేను చూసుకోవాలి. ఆ మావయ్య తమ గుమ్మం తొక్కుతాడని రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు పాపం. తీరా ఇప్పుడు పందులు అడ్డం పడ్డాయి.

చేలో ఆ రాయి ముందు నిలబడ్డాడు. చేసినవాటిలోకెల్లా గొప్ప రాయి అది. ఉలి పెట్టడానికి చెయ్యి రాలేదు.

"పందుల కోసం ఇంత తియ్యగా ఎందుకు చేశావయ్యా?" అంది సెన్.

"పందుల కోసమెవరు చేశారు? రోజంతా ఒక్కదానివే కలుపు తీస్తావు కదా. నీకు తోడుగా ఉంటుందని."

సెన్ కంగారులో కలుపనుకుని మొక్కజొన్న మొక్కనే పీకేసింది. ఆమెకి అలా జరగడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

అతను కళ్ళు మూసుకుని నాలుగు దెబ్బలు వేశాడు. పెచ్చులు రాలాయి. నీళ్ళు వదలగానే రాయి ఎంత ఘోరంగా అరిచిందంటే, ఇద్దరూ చెవులు మూసుకున్నారు. పొదల్లోంచి తల బయటపెట్టిన పంది తోక ముడిచి కొండెక్కేసింది.

"ఏడుస్తున్నావా?" అంది సెన్ మెల్లగా.

"లేదు. రాతి దుమ్ము."

"సరేలే. రేపు మావయ్యని మీ ఇంటికి పంపిస్తున్నాను. పందుల గురించి కాదు. నాకు నువ్వు కావాలి, ఖియెమ్."

అతను తల వంచుకున్నాడు. "అడగ్గానే ఒప్పుకోకూడదని మా అమ్మ చెప్పింది. కాస్త బెట్టు చెయ్యాలట."

"ఎంతసేపు చేస్తావేంటి?"

"అయిపోయింది," అన్నాడు ఖియెమ్.