రాయి కింద అడ్డాకు

రండర్రా, ఇంకా ముందుకి జరగండి. సోనీ, గుమ్మంలో కూర్చోకు, చలి కొడుతుంది. ఈ చాప మీదికి రా. కరెంటు వచ్చేదాకా ఎక్కాలు ఎలాగూ సాగవు. లాంతరు మధ్యలో పెట్టండి.

పిలుపుల గండి పేరెత్తితే మీ అమ్మలు నోరు మూయిస్తారు కదా? ఎందుకో ఇవాళ చెబుతాను.

సంత దారి పక్కన ఏరు కొండలోకి దూరే చోటు అది. సున్నపురాయి కొండ. నీళ్లు కోసి, కోసి, దాన్ని నిలువునా చీల్చేశాయి. అడుగున గుండ్రటి మడుగు. చుట్టూ తడి గోడలు, చెయ్యి వేస్తే జారిపోతుంది. మడుగు దాటాక ఏరు ఒక రాతి కన్నంలో దూరి మాయమైపోతుంది. దిగడానికి ఒకటే దారి. ఎక్కడానికీ అదే.

వాన పడితే ఆ గండి పిలిచేది. "ఓ..." అని. ఒక్కోసారి, పేరు పెట్టి.

కన్నాల్లో నీళ్లు సుడి తిరిగితే అలాంటి చప్పుడు వస్తుందని నేనే మీకు సైన్సు పాఠంలో చెప్పాను. సరే. కానీ పూర్వం ఆ పిలుపు నమ్మి చీకట్లో పరుగెత్తినవాళ్లు జారి పడిపోయారు. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. గండిలో దిగే మనిషి దారి పక్క బల్లరాయి మీద, మనం విస్తళ్లు కుట్టుకునే పచ్చి అడ్డాకు ఒకటి పెట్టి, పైన చిన్న రాయి ఉంచి దిగాలి. పైకొచ్చాక తన ఆకు తనే తీసెయ్యాలి.

పిలుపు వినబడితే ఒకరు వెళ్లి చూస్తారు. ఆకు ఉందా, ఊరంతా తాళ్లు పట్టుకుని పరుగెత్తాలి. లేదా... తిరిగొచ్చి తలుపేసుకోవాలి. కన్నకొడుకు గొంతుతో పిలిచినా పలకకూడదు.

మన గాసి తాతకి భీముడని ఒక తమ్ముడుండేవాడు. తేనె కోసం వెళ్లి, తొందరలో ఆకు పెట్టడం మరిచి దిగాడు. ఆ సాయంత్రం గండి "అన్నా... అన్నా..." అంది. గాసి వెళ్లి బల్లరాయి చూశాడు. ఆకు లేదు. తిరిగొచ్చి తలుపేసుకున్నాడు.

పొద్దున్న మడుగులో భీముడి తలగుడ్డ ఒక్కటే తేలింది.

ఇక రెండువేల మూడో సంవత్సరంలో జరిగింది వినండి. మన ఊరి ఉదయ్ చెప్పిందీ, వాళ్లమ్మ కనక చెప్పిందీ కలిపి చెబుతున్నాను.

అప్పట్లో పట్నం నుంచి కొండలెక్కే కుర్రాళ్లు వచ్చేవారు. ఉదయ్ వాళ్లకి దారి చూపించేవాడు. ఆ రోజు వంశీ అని విశాఖపట్నం కాలేజీ అతను ఒక్కడే వచ్చాడు. తాడు, హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు అన్నీ తెచ్చాడు. గండిలో దిగి ఈత కొట్టాలని సరదా.

బల్లరాయి దగ్గర ఉదయ్ ఆగి, రెండాకులు కోశాడు.

"ఏంటి ఉదయ్, అటెండెన్సా?"

"అలాంటిదే సార్. మీది మీరే ఎట్టాలి."

"ప్రెజెంట్ సార్!" అని వంశీ నవ్వుతూ తన ఆకు పెట్టాడు. ఉదయ్ పక్కన తనదీ పెట్టాడు. రెండు ఆకులు. గుర్తుంచుకోండి.

మలుపు లోపల, దారికి కనబడని చెట్టుకి తాడు కట్టి దిగారు. మధ్యాహ్నం ఎండ పైనుంచి ఒక్క గీతలా పడుతోంది. నీళ్లు ఆకుపచ్చగా, చల్లగా... వంశీ చేపలా ఈదాడు. గోడల్లో రాయి తెరలు తెరలుగా వేలాడుతుంటే తాకి తాకి చూశాడు.

అంతలో వెలుతురు పోయింది. పైన ఎక్కడో ఉరిమింది.

"బేగి ఎక్కండి సార్!"

వంశీ తాడు పట్టుకుని మనిషెత్తు ఎక్కాడు. సున్నపురాయి అంచు కత్తిలా ఉంటుంది. పొద్దుటి నుంచీ ఆ అంచుకే తాడు ఒరుసుకుంటోంది...

పుటుక్కున తెగింది.

వంశీ వెల్లకిలా మడుగులో పడ్డాడు. తాడు ముక్క అతని మీద పడింది.

ఎక్కబోయారు, జారారు. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డారు, అయినా అంచు అందలేదు. గోళ్లు విరిగాయి. నీళ్లు నడుము దాటాయి. ఛాతీ దాటాయి. ఏరు దూరే కన్నంలో దుంగలు అడ్డుపడ్డాయి కాబోలు, వచ్చిన నీరు పోవడం లేదు. సుడి వాళ్లని పక్కనే వంపు తిరిగిన రాతి కప్పు కిందికి నెట్టింది. ఆ కప్పు కిందికి దిగుతున్నట్టు అనిపించింది ఉదయ్‌కి. దిగుతున్నది కప్పు కాదు... తామే పైకి తేలుతున్నారు. ఇంకాస్త నీరొస్తే తల పెట్టుకునే చోటు ఉండదు.

"భయపడకండి సార్. ఆకులున్నాయి. కేకేత్తే మావోళ్లు వత్తారు."

"అమ్మా... ఓ అమ్మా..." అని ఉదయ్ గొంతెత్తి పిలిచాడు.

చీకటి పడేవేళ, ఊళ్లో కనక పొయ్యి ముందు కూర్చునుంది. కొడుకు పట్నం అతనితో అరకులో ఉండిపోయాడనుకుంటోంది. అలా ఉండిపోవడం అలవాటే. పిలుపు వినగానే చేతిలో గరిట కింద పడేసి గాసి ఇంటికి పరుగెత్తింది.

గాసి అప్పటికే తడిసిపోయి, వెళ్లి చూసి వచ్చాడు. తల అడ్డంగా ఊపాడు.

"నేదు కనకా. ఒక్కాకూ నేదు. రాయి బోసిగా ఉంది."

"నా గుంటడి గొంతు బావా!"

"నా తమ్ముడి గొంతూ అలాగే ఉండీది."

"అమ్మా..." మళ్లీ.

కనక చెవులు మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి కూడా వినబడుతూనే ఉంది. ఇంట్లోకి పోలేదు, గండికి పోలేదు. గాసి పంచలో స్తంభాన్ని కరుచుకుని అక్కడే నిలబడిపోయింది.

ఆ పంచలోనే శృంగవరపుకోట షావుకారు రమణమూర్తి ముడుచుకుని కూర్చున్నాడు. సంతలో చింతపండు కొని వస్తూ, వానకి జీపు లేక ఆగిపోయాడు.

"ఏటర్రా అది? ఎవరో పిలుస్తుంటే అలా నిలబడిపోయారేటి?"

"మనిషి కాదు షావుకారూ. మనిషైతే రాయి మీద అడ్డాకు ఉండాల. నేదు."

"ఏ రాయి?"

"సంత దారిలో బల్లరాయి."

రమణమూర్తి నోట్లో చుట్ట నోట్లోనే ఆగిపోయింది.

"ఆకులా..." చుట్ట తీసి పారేశాడు. "ఆ ఆకులా? నేను... నేను వాటిల్లోనే భోంచేశాను కదర్రా! క్యారేజీ ఉంది, కంచం లేదు. శుభ్రంగా ఉన్నాయి, ఎవరో విస్తరి కోసం పెట్టుకున్నారనుకున్నాను. పక్కపక్కన పరుచుకుని... తిని ఏట్లో పారేశాను. మూడాకులు!"

గాసి లేచిన ఊపుకి పంచలో దీపం ఆరిపోయింది.

"మూడా?"

"మూడే! తల్లి తోడు!"

"మూడు పేణాలు! తాళ్లు తెండి! బేగి, బేగి!"

కనక అప్పటికే వానలో ఉంది.

అడ్డతీగ నారతో పేనిన తాళ్లు, కాగడాలు, ఊరు ఊరంతా గండి దగ్గరికి వచ్చింది. కింద హెల్మెట్ లైటు ఒకటి మిణుకుమంటోంది. నీళ్లకీ రాతి కప్పుకీ మధ్య జానెడు చోటు. ఉచ్చు కట్టి తాడు వదిలారు. మొదట వంశీని లాగారు. పెదాలు నీలంగా ఉన్నాయి. తర్వాత ఉదయ్. వాణ్ణి కనక కొంగుతో తుడుస్తూ వీపు మీద బాదుతూనే ఉంది.

"చచ్చినోడా... పలకలేదేటని అనుకున్నావా... చచ్చినోడా..."

గాసి తాడు మళ్లీ కిందికి వదిలాడు.

"మూడోవోణ్ణి కట్టుకోమను ఉదయ్!"

ఉదయ్ తల ఎత్తి చూశాడు.

"మూడోవోడేటి మావా? మేం ఇద్దరమే."

కాగడా పట్టుకున్నవాడు అంచు మీంచి కిందికి వంగి చూశాడు. వాన చప్పుడు ఒక్కటే.

"ఇద్దరమే దిగాం. రెండాకులే ఎట్టాం..."

అప్పుడు గాసి చేతుల్లో తాడు బిగిసింది.

నీటి లాగుడు కాదు. నీరు లాగితే ఒకవైపే లాగుతుంది. ఇది ఒకసారి లాగి, వదిలి, మళ్లీ లాగింది. అడవిలో తేనెకి దిగిన మనవాళ్లు 'సిద్ధం' అని చెప్పడానికి లాగుతారే... అలాగ.

కాగడా పట్టుకున్నవాడు వెనక్కి రెండడుగులు వేశాడు. షావుకారు రాముణ్ణి తలుచుకుంటున్నాడు. "వదిలేయ్ గాసీ, వదిలేయ్..." అని ఎవరో గొణిగారు. గాసి వదల్లేదు, లాగనూ లేదు. 

కనక కొడుకుని వదిలి లేచింది. వచ్చి గాసి వెనక తాడు పట్టుకుంది.

"లాగు బావా."

"కనకా..."

"ఆకెట్టి దిగినోడు మనోడే. లాగు."

లాగారు. నిండు మనిషి బరువు. అరచేతులు చీరుకుపోయాయి. అంచు దాకా వచ్చింది... అంచు దాటింది...

ఒక్కసారిగా బరువు పోయింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు.

కాగడా వెలుగులో చూస్తే తాడు చివర ఉచ్చు ఖాళీ. ముడి మాత్రం వీడలేదు.

గాసి ఆ ఉచ్చుని రెండు చేతుల్లోకి తీసుకుని గుండెకి హత్తుకున్నాడట. తర్వాత మెల్లగా అన్నాడట: "రా తమ్ముడా. ఇంటికి పోదాం."

ఆ తర్వాత ఎన్ని వానలు పడలేదు! మడుగు నిండుతోంది, కన్నాల్లో నీళ్లు సుడి తిరుగుతూనే ఉన్నాయి. గండి మాత్రం మళ్లీ పిలవలేదు. నా సైన్సు పాఠం ఎక్కడ తప్పిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఏమిటి సోనీ? "పైకొచ్చినోడు ఎక్కడికి పోయాడు మేస్టారూ" అనా?

గాసి ఇంటికి పోదాం అన్నాడుగా.

అదిగో, కరెంటు వచ్చింది. ఇక లేవండి. దారిలో రాయి కింద ఆకు కనిపిస్తే ముట్టుకోకండి, అది ఎవరి ప్రాణమో. పోండి, మీ అమ్మలు అడ్డాకులు వేసి అన్నం వడ్డించే వేళయింది. కడుపు నిండా తినండి.

ఆకులు ఎన్ని వేశారో మాత్రం లెక్కపెట్టకండి.