ఆదివారపు ఆకాశం

అద్దం మీద మూడు నీటిచుక్కలు వేసి, పసుపు గుడ్డతో మధ్య నుంచి అంచుకు గుండ్రంగా తుడుస్తోంది పిచ్చుక. గట్టిగా నొక్కితే గీతలు పడతాయి. అందుకే పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడుస్తోంది.

డాబా మీదున్న ఆ అద్దం కిందే లైడార్ యంత్రం ఉంది. కంటికి హాని చేయని సన్నటి ఆకుపచ్చ లేజర్‌ను అది ఆకాశంలోకి పంపుతుంది. తిరిగొచ్చిన వెలుగును బట్టి దుమ్ము ఎంత ఎత్తున ఉందో, మబ్బు ఎక్కడుందో, ఆవిరి ఎంతో చెబుతుంది. తుడిచే రెండు నిమిషాలూ ఆ వెలుగుకు పిచ్చుక చెయ్యే అడ్డం. కింద గదిలో స్క్రీన్ మీద గ్రాఫులో ఆ రెండు నిమిషాలూ నల్లటి చారగా పడతాయి.

టైము పొద్దున ఆరూ నలభై. గురువారం.

వాతావరణ కేంద్రంలో ఆమె డాబా తుడిచే పిల్ల. గూఢచారి డిపార్ట్‌మెంట్ ఫైల్లో మాత్రం ఏజెంట్ తొమ్మిది, కోడ్‌నేమ్ పిచ్చుక. మూడు నెలలుగా వేషం అదే. బూడిదరంగు కోటు, రబ్బరు చెప్పులు, తుడుపుకర్ర. కర్ర పిడిలో ట్రాన్స్‌మిటర్.

పిడి రెండుసార్లు వణికింది.

"పిచ్చుకా, అద్దం ఎలా ఉంది?" బాబాయి గొంతు. వరసకు బాబాయి కాదు, పై అధికారి.

"తళతళలాడుతోంది బాబాయ్." దగ్గర్లో ఎవరూ లేరని దాని అర్థం.

"విను. పదింటికి స్పెషల్ ఫ్లైట్. యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకాలు పెట్టడానికి నలభై మంది వెళ్తున్నారు. మొన్న సముద్రం అవతల అగ్నిపర్వతం పేలింది కదా, ఆ బూడిద ఇటే వస్తోంది. ఇంజన్‌లో పడిందంటే గాజులా కరిగి అంటుకుపోతుంది. ఇంజన్ ఆగిపోతుంది."

"శాటిలైట్‌కి కనపడదా?"

"పదమూడు కిలోమీటర్ల పైన దుప్పటి కప్పినట్టు మబ్బు. దాని కిందేముందో శాటిలైట్‌కి తెలీదు. ఇవాళ మీ లైడారే దిక్కు. ఎయిర్‌పోర్ట్ వాళ్లు అది చూసే విమానం వదులుతారు. అది కూలాలని చూసే విదేశీ ముఠా మనిషి ఒకరు మీ కేంద్రంలోనే ఉన్నారు. ఎవరో తేల్చు. మేడమ్‌కి ఏమీ కాకుండా చూసుకో. ముఠాలో చేరి మనకు కబుర్లు చేరవేసేది ఆవిడే."

మేడమ్ అంటే డేటా ఆఫీసర్. నల్లకళ్లద్దాలు, సిల్కు స్కార్ఫు, ఆమె కన్నా ముందు గదిలోకి వచ్చే సెంటు వాసన. ఆమెను కాపలా కాయడానికే పిచ్చుక ఆమె ఇంటి మేడగదిలో అద్దెకు దిగింది. జ్వరం వచ్చిన వారమంతా పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డలు మార్చింది మేడమే. అప్పటి నుంచి పిచ్చుక నోటికి 'మేడమ్' రావడం లేదు. 'అక్కా' అనే వస్తోంది.

తొమ్మిదిన్నరకు నేల తుడిచే మిషతో కింద గదిలోకి వెళ్లింది. అక్క అప్పటికే హ్యాండ్‌బ్యాగ్ సర్దుకుంటోంది. రోజూ అయితే, "చందమామ లాంటి నా గ్రాఫు మీద మచ్చ పెట్టావు కదే! ఆ చెయ్యి చూస్తే నాకు కంట్లో నలుసు పడ్డట్టుంటుంది," అని సాధించేది. ఇవాళ ఆ సాధింపు లేదు.

"తల పగిలిపోతోందే పిల్లా. ఇంటికి పోతున్నా. నువ్వూ సెలవు పెట్టి రా."

"నేల తడిగా ఉందక్కా. ఆరాక వస్తా."

"చెబితే విను. ఇవాళ ఇక్కడుండకు."

"ఎందుకని?"

"మొండిఘటం," అని గొణిగి, తలుపు తీసుకుని వెళ్లిపోయింది అక్క.

పిచ్చుక తలెత్తి గోడమీది స్క్రీన్ చూసింది. ఎయిర్‌పోర్టుకు లైవ్‌లో వెళ్తున్నది అదే. తెల్లవారినప్పటి నుంచి ఇప్పటిదాకా మబ్బు కింద ఆకాశం కడిగిన పలకలా ఉంది. ఆమె ఆరూ నలభై దగ్గర తన చెయ్యి కోసం వెతికింది.

నల్లచార లేదు.

తుడిచింది కల కాదు కదా! కోటు జేబులో గుడ్డ ఇంకా చెమ్మగానే ఉంది. ఆమె చెయ్యి పడని రోజు వారంలో ఒక్కటే. ఆదివారం, ఆమెకు సెలవు. ఎవరో ఇలాంటి మబ్బే ఉన్న పాత ఆదివారాన్ని తీసి గురువారం మీద పరిచారు. గ్రాఫు మీద మచ్చను చూసి ఓర్చుకోలేని మనిషి ఈ కేంద్రంలో ఒక్కరే.

తుడుపుకర్ర పట్టుకుని అద్దం దగ్గరికి మెట్ల మీద పరుగెత్తింది. డాబా తలుపుకు కొత్త తాళం. జడలోంచి పిన్ను తీసింది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పిన్ను అది. తాళం ఊడేసరికి తొమ్మిదీ యాభై నాలుగు.

"బాబాయ్, అద్దం మసకేసింది."

"ఎవరు?"

"అక్క... మేడమ్."

"మతిపోయిందా? ఆవిడ మన మనిషి!"

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మీరే కదా అంటుంటారు. విమానం ఆపించండి."

"తుడిచే పిల్ల చెప్పిందని ఆపుతారా? రుజువు చూపించు. అది రన్‌వే ఎక్కేసింది."

"ఎయిర్‌పోర్ట్ టవర్ లైన్ కలపండి. స్క్రీన్ మీంచి కళ్లు తిప్పొద్దనండి."

కోటు విప్పి అద్దం మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుంది పిచ్చుక. కోటు నేతలోంచి పచ్చటి వెలుగు పిసరంత కనబడింది.

"సార్, మీ స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది?"

"ఏముందమ్మా, నిక్షేపంగా ఉంది," అన్నాడు టవర్ ఆఫీసర్. "పన్నెండు కిలోమీటర్ల దాకా నలుసన్నది లేదు."

"ఆ యంత్రం అద్దం మీద నేను పడుకుని ఉన్నాను సార్. నా ఒళ్లు దాటి పన్నెండు కిలోమీటర్లు ఎలా చూస్తోందంటారు?"

దూరంగా ఇంజన్ల హోరు పెరుగుతోంది.

"హోల్డ్! టేకాఫ్ క్యాన్సిల్! హోల్డ్!"

హోరు తగ్గింది. తొమ్మిదీ యాభై తొమ్మిది.

పదిన్నరకు కింద గది కంప్యూటర్‌లో అసలు డేటా దొరికింది. తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున, మబ్బు కింద, దట్టంగా బూడిద. నివురుగప్పిన నిప్పంటారు. ఇక్కడ మబ్బు కప్పిన నివురు. ఆరూ నలభై దగ్గర సన్నటి నల్లచార.

"శభాష్," అన్నాడు బాబాయి. "మేడమ్ ఇంటికి జీపు పంపుతున్నా. నువ్వు వెళ్లకపోయినా పర్లేదు."

"వెళ్తాను బాబాయ్."

ఇంట్లో అక్క ముందుగదిలో కూర్చుని ఉంది. గుమ్మం పక్కన పెట్టె. టేబుల్ మీద రెండు కప్పుల టీ, ఒకదాని మీద సాసర్ మూత పెట్టి ఉంది. డిపార్ట్‌మెంట్ జీపులోంచి పిచ్చుక దిగడం కిటికీలోంచి చూసినా ఆమె లేవలేదు.

"ఎక్కడ దొరికానే పిల్లా?"

"ఆదివారం దగ్గర. ఆ రోజు నాకు సెలవు కదక్కా."

అక్క కళ్లు మూసుకుంది. "ఏరి ఏరి మచ్చలేని రోజు పెట్టాను. నా బుద్ధి!"

"పొద్దున నన్నెందుకు రమ్మన్నావు?"

"విమానం పడ్డాక విచారణంటూ వస్తే ముందు నలిగేది తుడిచే పిల్లే కదా. అందుకు."

పిచ్చుకకు కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు. "నా ఒక్కదాని గురించి ఆలోచించావు. మరి ఆ నలభై మంది?"

అక్క లేచి వచ్చి పిచ్చుక జేబులోంచి పసుపు గుడ్డ తీసుకుంది. నల్లకళ్లద్దాలు తీసి, మధ్య నుంచి అంచుకు, గుండ్రంగా, నొక్కకుండా తుడిచింది. మూడు నెలల్లో అక్క ఒక అద్దం తుడవడం పిచ్చుక చూసింది అదే మొదటిసారి. మచ్చ మాత్రం ఎక్కడా మిగల్లేదు.

గుడ్డ మడిచి పిచ్చుక చేతిలో పెట్టి, అద్దాలు పెట్టుకుని, గుమ్మం దాటి జీపు వైపు వెళ్లిపోయింది.