రెండున్నర మిల్లీమీటర్లు

“ఇది పట్టదు,” అన్నాను.

“ఎందుకు పట్టదు?” అంది రష్మి, నా మొహం చూడకుండా.

“నీ లాప్‌టాప్‌లో పాత హార్డ్ డ్రైవ్ పలచటిది, ఏడు మిల్లీమీటర్లే. నువ్వు తెప్పించింది తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల మందం. కనెక్టర్ సరిపోయింది, పొడవూ వెడల్పూ సరిపోయాయి. మందం దగ్గరే చచ్చింది. లోపలికి వెళ్ళదు.”

“గట్టిగా తోసి చూడు.”

“తోస్తే బోర్డ్ పగుల్తుంది. కొనేముందు నన్ను ఒక్క మాట అడగొచ్చుగా? పాతదాన్ని కొలిచి, అదే సైజ్‌ది కొనాలి. ఆ మాత్రం తెలీదా?”

“తెలీదు. నీ అంత తెలివి నాకెక్కడిది?” అంది. పట్టుచీరలో ఉంది. తలలో మల్లెపూలు. ఆ పూలు ఎవరికోసమో తలచుకుంటేనే నా చేతిలో స్క్రూడ్రైవర్ జారుతోంది.

అది 2013 మే నెల, శనివారం ఉదయం. మా ఊరు ప్లేనోలో తెల్లవారినప్పటినుంచీ ఒకటే వాన. పది నలభైకి రష్మికి స్కైప్‌లో పెళ్ళిచూపులు. అబ్బాయి కిరణ్‌కుమార్ జెర్సీ సిటీలో ఉంటాడు, వాళ్ళ అమ్మానాన్నా గుంటూరులో. మూడు చోట్లనుంచీ ఒకేసారి మొహాలు కనబడాలంటే ఫోన్‌లో కుదరదు, కంప్యూటర్ కావాలి. రష్మి ఆఫీస్ లాప్‌టాప్‌లో స్కైప్ వేసుకోనివ్వరు. సొంత లాప్‌టాప్‌లో హార్డ్ డ్రైవ్ మంగళవారం టకటకమని చప్పుడు చేసి ప్రాణం విడిచింది.

దాన్ని బతికించడానికి పిలిచింది నన్ను. ఎదురు బిల్డింగ్‌లో ఉంటూ, ఏడాదిగా ఆమెని ప్రేమిస్తూ, ఆ ముక్క పెదవి దాటించలేని భానుప్రకాష్ అనే వెధవని నేనే.

“ఏం బాబూ, అయిందా?” అంటూ వంటింట్లోంచి చాముండేశ్వరి ఆంటీ వచ్చింది. రష్మి వాళ్ళమ్మ. ఇండియానుంచి ఆరు నెలలుండడానికి వచ్చారు ఆవిడా అంకులూ. వచ్చే నెలాఖరుకి తిరుగు ప్రయాణం. ఆలోపు కూతురి పెళ్ళి ఖాయం చేయాలని ఆవిడ పట్టుదల.

“కొన్నది సరిపోవట్లేదాంటీ.”

ఆవిడ మొహం వాడిపోయింది. “అయ్యో! గుంటూరు వాళ్ళకి ఇప్పటికే ఒకసారి వాయిదా వేశాం. ఇంకోసారంటే ఏమనుకుంటారు? వేరేది కొనుక్కురావా?”

“షాపులు పదింటికి గానీ తెరవరు. వెళ్ళి, తెచ్చి, విండోస్ ఎక్కించేసరికి పన్నెండవుతుంది.”

“పైగా తొమ్మిదినుంచి పదిన్నరదాకా రాహుకాలం. ఏదైనా తొమ్మిదిలోపే మొదలుపెట్టాలి. మధ్యలో ఉంటే ఫర్వాలేదు గానీ, మొదలు మాత్రం పెట్టకూడదు.”

గోడ గడియారం ఎనిమిదీ ముప్పై అయిదు చూపిస్తోంది.

నిజం చెప్పొద్దూ, నాలో ఒకడు ఎగిరి గంతేశాడు. ‘సారీ ఆంటీ, కుదరదు’ అనేసి గొడుగు తీసుకుని వెళ్ళిపోతే చాలు, ఈ సంబంధం ఇక్కడితో సరి. అబద్ధం కూడా ఆడక్కర్లేదు.

రష్మి వైపు చూశాను. ఆమె చీర అంచు వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి వాన చూస్తోంది. ముస్తాబైంది, ఆలస్యమైతే తట్టుకోలేకపోతోంది, అంటే ఈ సంబంధం ఆమెకి ఇష్టమే. కిరణ్‌కుమార్‌కి గ్రీన్‌కార్డ్ ఉంది, బ్యాంకులో ఉద్యోగం ఉంది. నాకేముంది? ఆగస్ట్‌లో అయిపోయే ప్రాజెక్టూ, ఆ తర్వాత ఎవరు స్పాన్సర్ చేస్తారో తెలియని హెచ్‌వన్ వీసా. రెండున్నర మిల్లీమీటర్ల సందు చూసుకుని గెలిస్తే, రేపు అద్దంలో నా మొహం నేనెలా చూసుకోను?

“ఒక దారుంది,” అన్నాను.

రష్మి గిరుక్కున తిరిగింది. “ఏంటది?”

“నా పాత లాప్‌టాప్. స్క్రీన్ పగిలింది, కెమెరా లేదు, అది మీకు పనికిరాదు. కానీ దాంట్లో నేను కొత్తగా వేసుకున్న ఎస్సెస్డీ డ్రైవ్ కూడా ఏడు మిల్లీమీటర్లే. అది తీసి నీదాంట్లో వేస్తా.”

“మరి నీ ఫైల్స్?”

“నెల కిందటిదాకా బ్యాకప్ ఉంది.”

“ఈ నెలవి?”

“పోతాయి. పోనీ.”

“ఏం అక్కర్లేదు,” అంది రష్మి. గొంతులో కోపం. “నీదెందుకు పాడుచేసుకోవడం? ఊరుకో.”

“నా తండ్రే!” అని ఆంటీ నా తల నిమిరింది. రష్మి మాట ఆవిడ చెవిన పడలేదు.

వానలో పరిగెత్తి, లాప్‌టాప్‌ని చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాను. రెండు స్క్రూలు విప్పి డ్రైవ్ లాగాను. నా లాప్‌టాప్‌లో వదులు కాకుండా దాని చుట్టూ వేసిన ప్లాస్టిక్ చట్రం తీసేసి రష్మి లాప్‌టాప్‌లోకి నెట్టాను. టక్కుమని కూర్చుంది. నా ప్రాణం కూడా ఎక్కడో టక్కుమంది.

పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. ‘ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?’ అని అడిగింది కంప్యూటర్. సరే అని నొక్కాను. ఎనిమిదీ యాభై ఏడు.

తర్వాత గంటన్నరా నరకమే. స్క్రీన్ మీద శాతాలు పెరుగుతుంటే నా గుండెలో ఏదో తరుగుతోంది. వంటింట్లోంచి కేసరి వాసన.

“స్కైప్‌లోంచి ఎవరు తింటారమ్మా?” అంది రష్మి విసుగ్గా.

“పెళ్ళిచూపులన్నాక ఇంట్లో కేసరి ఉండాలి. భానూ, నీకు ఉప్మా పెడతానుండు. కేసరి ఇప్పుడే ఎంగిలి చేయకూడదు, పెళ్ళికొడుకు పేరు మీద చేసింది.”

ఉప్మా సగం తిని వదిలేశాను. పళ్ళెం సింకులో పెడుతూ అల్మరాలో డబ్బాలు చూశాను. ప్రతిదాని మీదా పసుపు చీటీ, దాని మీద రష్మి చేతిరాత. ‘కందిపప్పు, 1.8 కిలో, మే 4.’ విమానాల విడిభాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్ ఆమె. కొలవడం, చీటీ అంటించడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. ఇంకెన్నాళ్ళు చూస్తాను ఈ చీటీల్ని అనుకుంటే కళ్ళు మండాయి.

పది ముప్పై రెండుకి స్కైప్ తెరుచుకుంది. కెమెరాలో రష్మి మొహం ప్రత్యక్షమైంది. ఏడుపు ఆపుకుంటున్న మొహంలా ఉంది. పెళ్ళిచూపుల భయమనుకున్నాను.

“అంతా రెడీ,” అన్నాను.

“థాంక్స్,” అంది. తిట్టినట్టే ఉంది.

కేశవరావు అంకుల్ వచ్చి కెమెరా ముందు కూర్చున్నారు. పైన కోటూ టై, కింద లుంగీ. “నడుం పైదాకేగా కనపడేది,” అన్నారు నాతో రహస్యంగా. నవ్వలేకపోయాను.

వెళ్ళిపోదామని నా సామాను సర్దుతున్నాను. రష్మి ముందే ఊడదీసి పెట్టిన పాత డ్రైవ్ బల్ల మీద ఉంది. కవర్‌లో పెడదామని వెనక్కి తిప్పాను.

వెనక పసుపు చీటీ. ‘మందం 7.00 మి.మీ. మే 15.’

కొత్త డ్రైవ్ బిల్లు పెట్టెలోనే ఉంది. ఆర్డర్ చేసిన తేదీ మే 16.

అప్పుడే స్కైప్ మోగడం మొదలైంది.

“రష్మీ,” అన్నాను. “పదిహేనున కొలిచావు. పదహారున తొమ్మిదిన్నరది కొన్నావు.”

మౌస్ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

“ఎందుకు?”

“పట్టకూడదని.”

“మరి నన్నెందుకు పిలిచావు?”

“పట్టదని చెప్తావని. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్తావేమోనని.” మౌస్ వదిలేసి నా వైపు తిరిగింది. “ఏడాది చూశాను భానూ. ఈ శనివారం ఒక్కటీ చూద్దామనుకున్నా. బాగు చేయమంటే నిజంగానే బాగు చేసేస్తావా? సొంత డ్రైవ్ పీకి మరీ?”

స్కైప్ మోగుతూనే ఉంది. అంకుల్ కూతుర్నీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. ఆంటీ కేసరి గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. “ఎత్తరేం?”

ఇప్పుడు నోరు మెదపకపోతే ఇంక జన్మలో మెదపలేను.

“ఆంటీ, నాకు గ్రీన్‌కార్డ్ లేదు. ప్రాజెక్ట్ ఆగస్ట్‌దాకానే. తర్వాత ఏమవుతుందో తెలీదు. కానీ రష్మి అంటే నాకు చాలా ఇష్టం. తననే పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఎప్పుడో చెప్పాల్సింది. తప్పు నాదే.”

మోత ఆగింది.

ఆంటీ కూతురి వైపు తిరిగింది. “నీకు?”

“నాకూ.”

“ఈ మాట ఆ చీర కట్టకముందే చెప్పి ఏడవచ్చుగా!”

“చెప్తే, ‘అబ్బాయి ఏమన్నాడు’ అని అడుగుతావు. అబ్బాయి నాతోనే ఏమీ అనలేదు, నీకేం చెప్పను?”

స్కైప్ మళ్ళీ మోగింది. ఆంటీ నోరు తెరిచేలోపు అంకుల్ బటన్ నొక్కారు. తెర మీద మూడు కొత్త మొహాలు.

“నమస్కారమండీ. నేను కేశవరావుని. మా అమ్మాయి మనసు కనుక్కోకుండానే మీ టైమ్ తీసుకున్నాం. తనకి వేరే అబ్బాయంటే ఇష్టమని ఇప్పుడే తెలిసింది. తప్పు మాది, పెద్దమనసుతో క్షమించాలి,” అంటూ మర్యాదకి లేచి నిలబడి దణ్ణం పెట్టారు. తెర నిండా నీలం గళ్ళ లుంగీ.

తర్వాత జెర్సీ సిటీనుంచి, “ఫర్వాలేదంకుల్, ముందే చెప్పారు, అదే మేలు,” అని వినిపించింది. గుంటూరు వాళ్ళు మాత్రం మాట్లాడకుండా కట్ చేశారు.

ఆంటీ ఇంకా గుమ్మంలోనే ఉంది. నేను గొడుగు తీసుకోబోయాను.

“కూర్చో,” అంది కటువుగా. “ఆగస్ట్ తర్వాత సంగతి మీ అంకుల్‌తో మాట్లాడుదువుగాని. మీ అమ్మగారి నంబర్ ఇవ్వు.”

నా ముందు పళ్ళెం పెట్టి గిన్నెలో సగం కేసరి వడ్డించింది.

“తిను. పెళ్ళికొడుకు పేరు మీద చేసింది పారేయకూడదు.”

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. రష్మి పక్కనే వచ్చి కూర్చుంది. ఆ తొమ్మిదిన్నర డ్రైవ్ ఆమె చేతిలో ఉంది.

“దీన్ని రిటర్న్ చేసేద్దామా?” అన్నాను మెల్లిగా.

“ఎందుకు? నీ లాప్‌టాప్‌లో సరిగ్గా పడుతుంది.”

“నీకెలా తెలుసు?”

“పోయిన నెల ఇక్కడ మర్చిపోయి వెళ్ళావుగా,” అంది, నా పళ్ళెంలోంచి జీడిపప్పు తీసుకుంటూ. “అదీ కొలిచాను.”