పాత ఒకటో నంబరు ప్లాట్‌ఫాం

"చచ్చిపోయినవాడు మన మనిషే," అన్నాడు చీఫ్. "పోయేముందు రెండు ముక్కలు పంపాడు. టెర్మినస్. పదకొండు నలభై."

ఏజెంట్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని మాస్టారు అంటారు. బట్టతల, చంకలో గొడుగు. ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. అంతకు మించిన మారువేషం లేదు.

"శుక్రవారం పదకొండు నలభైకి విదేశీ మంత్రి స్పెషల్ ట్రైన్ ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వస్తుంది. ఒప్పందం మీద సంతకం పెట్టడానికి. ఆ సంతకం పడకూడదనే ముఠా ఒకటి ఊళ్లో దిగింది. నాయకుణ్ణి డాక్టర్ అంటారు. స్టేషన్ రికార్డు రూంలో మన ఏజెంట్ ఉంది, కోడ్ నేమ్ నెమలి. నువ్వు టెర్మినస్ చరిత్ర రాసే రచయితవి."

"నిజంగా రాయాలా సార్?"

"రాస్తున్నట్టు కనబడితే చాలు."

మాస్టారికి ఉత్తుత్తి పని చేతకాదు. మూడు వారాలు కూర్చుని నూట ఇరవై ఏళ్ల ఫైళ్లు చదివాడు. రోజూ పొద్దున్నే దండం పెట్టుకుని, ఆ మంత్రిని చల్లగా చూడమని దేవుణ్ణి అడిగాడు. అతను ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా అని భార్య నమ్మకం. ఆవిడ నర్సు. మధ్యాహ్నం డ్యూటీకి లోకల్ ట్రైన్‌లో రోజూ ఈ టెర్మినస్‌కే వచ్చి దిగుతుంది.

శుక్రవారం పదకొండుంబావుకి నెమలి కబురు పంపింది. డాక్టర్ ప్లాన్ దొరికింది, వెంటనే రమ్మని.

రికార్డు రూం ప్లాట్‌ఫాంల అడుగున ఉంది. కిటికీ లేదు, తలుపు ఇనుపది. ఆకుపచ్చ పట్టు గౌనులో నెమలి బల్ల మీద కూర్చుని ఉంది. చేతిలో అరచేయంత పిస్తోలు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. డాక్టర్ నాకు కొత్త పేరు, కొత్త పాస్‌పోర్టు ఇస్తానన్నాడు. ఇక్కడి బూజు నాకు పడదు."

మాస్టారి వెనుక తలుపు ధన్‌మని మూసుకుంది. బయట గడియ పడింది.

"డాక్టర్, నేనింకా లోపలే ఉన్నాను," అంది నెమలి, తలుపు కొడుతూ. మెట్లెక్కిపోతున్న బూట్ల చప్పుడులో తొందరేమీ లేదు.

మాస్టారు జేబులోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. భూమి అడుగున అది మూగబోయింది.

నెమలి పిస్తోలు బల్ల మీద పడేసింది. "కంగారు పడకండి. బాంబు ఒకటో నంబరులో ఉంది. పట్టాలు ముగిసే చోట, కింది సొరంగంలోంచి పెట్టారు. ఇంజన్ బరువు పడగానే పేలుతుంది. మనకేం కాదు. రేపెవరో ఒకరు తలుపు తీస్తారు."

"చోటు ఎలా గుర్తుపట్టారు?"

"నేనిచ్చిన డ్రాయింగు చూసి. స్టేషన్ కట్టిననాటి ఒరిజినల్."

మాస్టారు గబుక్కున తలెత్తాడు. "అప్పట్లో నంబర్లు నది వైపు నుంచి లెక్కపెట్టేవారు. కొత్త బిల్డింగు కట్టాక ఇటు నుంచి మొదలుపెట్టారు. నీ డ్రాయింగులో ఒకటి, ఇప్పుడు తొమ్మిది."

"తొమ్మిది ఎక్కడుంది?"

అతను వేలు పైకెత్తి చూపించాడు.

"నాలుగేళ్లుగా ఈ గదిలో ఉన్నావు. ఒక్క ఫైలైనా విప్పలేదా?"

"నేను గూఢచారిని. గుమాస్తాని కాదు."

పదకొండు ఇరవై తొమ్మిది. తొమ్మిదో నంబరుకీ పదకొండు నలభైకే బండి ఉంది. లోకల్. పన్నెండు వందల మంది. వాళ్లలో, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని, అతని భార్య. కాపలా మొత్తం ఒకటో నంబరు దగ్గరే ఉంది.

మంత్రిని కాపాడమని అడిగాడు, దేవుడు కాపాడాడు. అడగడం మరిచిపోయిన పన్నెండు వందల మంది సంగతేమిటి? ఆ మాట పైవాణ్ణి నిలదీసినట్టు ఉండకూడదని మనసులోనే మెల్లగా అడిగాడు.

గది చివర మూడు మెట్లు, వాటిపైన ఇనుప చట్రం. పూర్వం మెకానిక్‌లు ఇంజన్ల అడుగున నిలబడి పనిచేసిన గుంత అది. చట్రానికి చెరోపక్క ఒక పట్టా. కడ్డీల సందులోంచి చెయ్యి పడుతుంది, మనిషి పట్టడు.

"చరిత్రలో ఒక సంగతి ఉంది," అన్నాడు మాస్టారు, కోటు అంచు చింపుతూ. లోపల కుట్టిన ట్రాన్స్‌మిటర్ ఏరియల్ తీగ బయటికొచ్చింది. "పూర్వం ఒక కూలీ గునపాన్ని రెండు పట్టాల మీద అడ్డంగా వదిలేశాడు. పట్టాల్లో కొద్దిపాటి కరెంటు పారుతుంది. రెండూ కలిస్తే అక్కడ బండి నిలబడి ఉందని కేబిన్‌లో దీపం వెలుగుతుంది, సిగ్నల్ దానంతటదే ఎర్రబడుతుంది. ఆవేళ ఊరంతా గంటసేపు ఆగిపోయింది. రెండు పట్టాలూ ఒక్కడికి అందవు. ఆ కొస నువ్వు పట్టుకో."

"నేనెందుకు పట్టుకోవాలి?"

"బాంబు నీ నెత్తి మీద కూడా ఉంది కనక."

ఇద్దరూ చెరోవైపు చేతులు దూర్చి తీగ కొసలు పట్టాలకు అదిమారు. పదకొండు ముప్పై ఎనిమిది. వేళ్ల కింద పట్టా సన్నగా వణకడం మొదలుపెట్టింది.

"బండి ఆగడం లేదు," అంది నెమలి.

"తుప్పు. గీకు."

ఆమె బల్ల మీది పిస్తోలు తెచ్చి దాని పిడితో గీకింది. అతను తాళంచెవితో గీకాడు. వణుకు పెరిగింది.

"అందులో మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"మా ఆవిడ."

నెమలి పిస్తోలు పడేసి గోళ్లతో గీకి, తీగని రెండు చేతులా అదిమింది. ప్లాట్‌ఫాం చివర ఇంజన్ ముఖం కనబడింది. సరిగ్గా అప్పుడు బ్రేకులు కీచుమన్నాయి. పట్టా వణుకు తగ్గి, తగ్గి, ఆగిపోయింది.

పావుగంటకి సిగ్నల్ చెడిందని చూడటానికొచ్చిన లైన్‌మన్ పట్టాల మధ్య నాలుగు చేతులు చూసి వెనక్కి గెంతాడు.

"ఎవరయ్యా మీరు?"

"తరవాత చెప్తాను. ముందు చీఫ్‌కి ఫోన్ చెయ్యి. పట్టాల చివర బాంబుంది. ఈ తీగ మాత్రం ముట్టుకోకు."

డాక్టర్ ఒకటో నంబరు ఎదుట బెంచీ మీద, పేలుడు కోసం ఎదురుచూస్తూ దొరికాడు. నెమలిని తీసుకుపోతుంటే మాస్టారు ఆమె రక్తం కారుతున్న వేళ్లకు తన రుమాలు చుట్టాడు.

మర్నాడు పొద్దున భార్య కాఫీ గ్లాసు ఠక్కున పెట్టింది.

"నిన్న లోకల్‌ని గంటసేపు నిలబెట్టేశారండీ. సిగ్నల్ ఫెయిలట. డ్యూటీకి లేటై నేను మాటపడ్డాను. ఆ సిగ్నల్ దగ్గర కూర్చున్నవాడెవడో ఒట్టి చేతకానివాడు."

మాస్టారు కట్టు కట్టిన వేళ్లతో గ్లాసు అందుకున్నాడు.

"పాపం, వాడికి ఆ పని కొత్తయి ఉంటుందిలే," అన్నాడు.