వాన పాఠానికి తోడు

కొత్త టీచరమ్మ పిల్లల చేత పాఠాలు ఉమ్మిస్తోందని పక్కింటి అచ్చాయమ్మ నీళ్ళ ట్యాంకరు కాడ అందరితోనూ చెప్పిందట. ఈమెకు ఉద్యోగం నాలుక చూసి ఇచ్చారో ముఖం చూసి ఇచ్చారో అని కూడా అందట. ఆ మాటలు మోసుకొచ్చింది బడిలో పాలు కాచే దానమ్మ. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పొడిపాలు కలియబెడుతూ, తనకేమీ పట్టనట్టు చెప్పుకుపోయింది.

ఆ కొత్త టీచరమ్మ నీలవేణే. ఆమె ఎవరి చేతా ఉమ్మించలేదు. నిన్న మూడో తరగతి మస్తానమ్మ లెక్కలు తాగిన కాసేపటికే భళ్ళున కక్కేసింది. కక్కిన పాఠాన్ని గిన్నెలోకి ఎత్తి, వడకట్టి, మళ్ళీ తాగించాలని నిబంధన. నీలవేణి గిన్నె ముట్టుకోలేదు. పిల్ల మూతి తుడిచి, నేల మీద ఇంత బూడిద చల్లి ఊరుకుంది. జరిగింది అంతే.

ఆమె ఉప్పుగుంటపాలెం బడికి వచ్చి నెల కూడా కాలేదు. రేపు పొద్దున పాఠ్యపాలకుడు జోగారావు తనిఖీకి వస్తున్నాడు. తాగిన పాఠం బుర్రలో గడ్డకట్టిందో లేదో చూసే గడ్డపరీక్షలో పిల్లలు నెగ్గితే ఆమె ఉద్యోగం ఖాయం. తప్పారా, పాఠం రుచి చూసే హక్కిచ్చే నాలుకచీటీ రద్దు. అది పోయినవాళ్ళను ఇక ఏ బడీ గుమ్మం తొక్కనివ్వదు.

శిక్షణలో పాఠ్యప్రణాళిక అంటే మూడే పనులు నేర్పారు. పాలు గోరువెచ్చన చెయ్యాలి. పట్నం కేంద్రం పంపిన పాఠపు తోడు వెయ్యాలి. తెల్లారి గిన్నె వంచి, గడ్డ కదలకుండా ఉందో లేదో చూసి పిల్లలకు తాగించాలి. ముందు పిల్లలకు ఏం తెలుసో అడిగి, దాన్నిబట్టి పాఠం అల్లుకోవచ్చు కదా అని నీలవేణి ఒకసారి నోరు జారింది. తోటివాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. పిల్లలకు ఏం తెలుసో గిన్నె చూస్తే తెలియదా అన్నారు.

తోడంతా ఒక్క మనిషి ఎంగిలి. పట్నంలో ఎత్తైన మేడ మీద కూర్చున్న మూలగురువు ఒక్కో జ్ఞాపకాన్నీ తలుచుకుంటూ నమిలి ఉమ్మితే, దాన్ని కేంద్రంలో పెంచి జిల్లా అంతటా పంచుతారు. ఆయన ఎరిగినదల్లా పిల్లల బుర్రకెక్కుతుంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన పొగాకు కంపూ, పుచ్చిన దవడపన్ను సలుపూ కూడా దిగుతాయి. పాలపళ్ళు ఊడని పిల్లలు జవాబు చెప్పబోయే ముందు ముసలాడిలా ఖళ్ళుమని గొంతు సవరించుకుంటారు. మొదటిరోజు ఆ చప్పుడు తరగతి మొత్తం నుంచి ఒక్కసారిగా లేచేసరికి నీలవేణి ముసలాళ్ళెవరొచ్చారా అని గుమ్మం వైపు చూసింది. ఆమెకు ముందు పనిచేసిన మాస్టారు, ఏళ్ళ తరబడి ఆ తోడు రుచి చూసీ చూసీ, పదవి దిగిన నాడు ఇంటికి పోయి, గుమ్మంలో ఎదురొచ్చిన భార్యను "ఇందిరా" అని పిలిచాడట. ఆవిడ పేరు వెంకాయమ్మ. ఇందిర మూలగురువు పెళ్ళాం.

రేపటి తోడుపెట్టె మీద "వాన" అని ఉంది. ముందుగా టీచరు రుచి చూడాలి. నీలవేణి ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. చల్లగా, జిగటగా జారింది. వెంటనే అద్దాల కిటికీ, అవతల ధారలు కట్టిన వాన, చేతిలో పొగలు కక్కే టీ, లోపలి గదిలోంచి ఇందిర పిలుపు. ఎవరి పడకగదిలోకో దొంగతనంగా దూరినట్టయింది. పెరట్లోకి పోయి చింతపండూ ఉప్పూ పెట్టి నాలుక రుద్దుకుంది. జిగట పోయింది కానీ పొగాకు కంపు అంగిట్లోనే కూర్చుంది.

తల ఎత్తి చూసింది. దూరంగా పట్నం దిక్కున, చుట్టుపక్కల మబ్బుల్ని లాక్కుని పిండే గాలిపటాలు బారులు తీరి ఉన్నాయి. వాటి కింద ఆకాశం నల్లగా బరువుగా వేలాడుతోంది. ఊరి మీద మాత్రం తోమిన పళ్ళెంలా ఉంది. ఈ తరగతి పిల్లలు పుట్టాక ఇక్కడ చినుకు రాలలేదు. రేపు గిన్నెడు పాఠం తాగి, వానను కళ్ళారా చూశామనుకుంటారు. ఇక దాని కోసం ఎవర్నీ అడగరు.

"పాలు చల్లారిపోతున్నయ్యమ్మా, తోడెయ్యి," అంది దానమ్మ.

నీలవేణి పెట్టె తెచ్చి, అందులో ఉన్నదంతా బూడిదగుంటలో కుమ్మరించింది. చేతికంటిన జిగురును మట్టితో రుద్దుకుంది.

దానమ్మ గరిటె పొయ్యి గట్టున పెట్టేసింది. "పొద్దున గడ్డ కట్టకపోతే నా మీదికొచ్చిద్ది."

"నా పేరు చెప్పు."

"చెప్తే ఒప్పుకోటానికి రేపు నువ్వుంటేగా."

తెల్లారి పిల్లలు ఉత్త పాలు తాగారు. ఎప్పుడూ ముక్కు మూసుకుని మింగేవాళ్ళు, ఆ రోజు గిన్నెలు నాకి ఇంకా కావాలన్నారు. వాళ్ళు మూతులు తుడుచుకోకముందే జోగారావు వచ్చాడు. కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకుని, వాన ఎక్కడ పడుతుందని అడిగాడు. జిల్లాలో ఏ బడిలో అడిగినా ఒకే గొంతుతో "కిటికీ అవతల" అని రావాలి.

ఒక్క గొంతూ ఖళ్ళుమనలేదు. ట్యాంకరు అడుగున చిల్లి పడితే వస్తుందని ఒకడన్నాడు. పైనుంచి పడుతుందని తమ నాయనమ్మ చెప్పిందని ఇంకొకతె అంది. పైనుంచి నీళ్ళు ఎట్లా పడతాయని మిగతావాళ్ళు నవ్వారు.

తోడు వెయ్యలేదా అని జోగారావు నీలవేణిని అడిగాడు. వెయ్యలేదని చెప్పింది. ఎందుకని అడగకుండానే ఆయన చెయ్యి చాపాడు. ఆమె మెడలోంచి నాలుకచీటీ తీసి ఆ చేతిలో పెట్టింది. తీశాక మెడ తేలికైనట్టుంది.

ఆయన చీటీని జేబులో దోపుకుని, మొన్న కక్కిన పిల్ల ఎవరని అడిగాడు. ట్యాంకరు కాడి మాటలు ఆయన చెవినా పడ్డట్టున్నాయి. మస్తానమ్మ లేచి నిలబడింది. తోడు పడని పిల్లలు ఎంత పనికిమాలినవాళ్ళవుతారో టీచరుకు చూపించదలిచాడు కాబోలు, గొంతులో చక్కెర పోసుకుని అడిగాడు.

"ఏమ్మా, వాన ఎక్కడ పడుద్దో కూడా తెలీదా నీకు?"

"తెలుసు సారూ. మీ ఊళ్ళో పడుద్ది. మా మబ్బుల్ని మీరే పిండుకుంటన్నారుగా."

జోగారావు ఖళ్ళుమని గొంతు సవరించుకున్నాడు. ఆ పూట ఆ గదిలో ఖళ్ళుమన్నది ఆ ఒక్క గొంతే.