పొద్దుటి మాత్ర

ఉదయం ఏడున్నర. ఇన్‌స్పెక్టర్ తండ్రి బాత్రూం గుమ్మం దగ్గర పడి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. పక్కనే వాంతి.

ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున యాంటీబయాటిక్ మాత్రలు వేస్తూనే ఉన్నారు. జ్వరం దిగలేదు.

అంబులెన్స్ అలా వెళ్లిందో లేదో, ఇన్‌స్పెక్టర్ మందుల షాపులో ఉన్నాడు. ఈమధ్యే ఒక నకిలీ మందుల కేసు పట్టి పేరు తెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ ఆయన కంటికి అన్నీ నకిలీలే. షాపు పెద్దాయన చెప్పేది వినిపించుకోలేదు. బజారంతా చూస్తుండగా కాలర్ పట్టుకుని జీపెక్కించాడు. షట్టర్‌కి సీల్ పడింది.

మూడో రోజు ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. మాత్రలు అసలువే. అదే పెట్టెలోవి వాడిన ఇంకో ఇద్దరికి నయమైపోయింది కూడా.

అంతటితో ఆగుంటే ఆయన ఇన్‌స్పెక్టర్ ఎందుకవుతాడు? షాపు తప్పు కాకపోతే ఇంటి తప్పే అనుకున్నాడు. ఆస్పత్రి వరండాలో భార్యనీ, అక్కనీ కూర్చోబెట్టాడు. స్టేషన్‌లో ఉన్న పెద్దాయన్నీ అక్కడికే రప్పించాడు.

అక్క తను జావ కాచి ఇవ్వడం తప్ప మందుల జోలికి పోలేదంది. రాత్రి మాత్ర తనే ఇచ్చానంది భార్య.

"ఎలా ఇచ్చావు?"

"లేపి కూర్చోబెట్టి, గ్లాసు నిండా నీళ్లతో. నమలకుండా మింగించా. వెంటనే పడుకోనివ్వలేదు. డాక్టరుగారు చెప్పింది అదేగా."

"వాంతులు ఎప్పుడయ్యేవి?"

"పొద్దుటి మాత్ర తర్వాతే. రాత్రి ఒక్కసారీ కాలేదు."

"పొద్దుటి మాత్ర ఎవరిచ్చేవారు?"

భార్య ఆయన వైపే చూసింది. అక్క తల వంచుకుంది.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఇన్‌స్పెక్టర్ పని.

పొద్దుటి మాత్ర ఇచ్చేది తనే. నకిలీదేమోనన్న అనుమానంతో ప్రతి మాత్రనీ కత్తెరతో రెండు ముక్కలు చేసి, లోపలి రంగు చూసేవాడు. ముక్కలు గొంతులో గుచ్చుకుంటాయని నూరేవాడు. చేదు తెలియకుండా పాలలో కలిపేవాడు. కొడుకు చేత్తో ఇచ్చాడన్న మురిపెంతో తండ్రి మారు మాట్లాడకుండా తాగేవాడు.

మాత్ర మీది పూత మెరుపు కోసం కాదు. కడుపు దాటి పేగుల్లోకి చేరాకే మందు బయటికి రావాలని. పూత పగిలితే మందంతా కడుపులోనే పడి వికారం, వాంతులు. మిగిలిన కాస్తనీ పాలు ఒంటికి పట్టనివ్వలేదు. ఆ రకం మందుకి పాలు పడవు. ఇదంతా డాక్టర్ ముందే చెప్పాడు. ఇంకెవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూనే ఇన్‌స్పెక్టర్ ఊఁ కొట్టాడు.

తల కొట్టేసినట్టయింది. నేల చీలితే బాగుండుననిపించింది.

"నేనే," అన్నాడు. "మాత్రలు పాడుచేసింది నేనే."

తండ్రికి గండం గడిచిందని చెప్పాడు డాక్టర్. కోర్సు మళ్లీ మొదటినుంచి రాసిచ్చి, ఒంట్లో బాగున్నా మధ్యలో ఆపొద్దన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఈసారి ప్రతి మాటా విన్నాడు. తర్వాత పెద్దాయనకి చేతులు జోడించాడు. షాపు తనే తెరిపిస్తానన్నాడు, బజారులో నలుగురి ముందూ తప్పు ఒప్పుకుంటానన్నాడు.

"బజారు సంగతి తర్వాత చూద్దాం లెండి," అన్నాడు పెద్దాయన. "మా ఆవిడ స్టేషన్‌కి వచ్చి, 'నిజంగా నకిలీవి అమ్మారా?' అని నన్నే అడిగింది. ముందు ఆవిడకి చెప్పండి."

పెద్దాయన్ని వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టర్ వాళ్లింటికి వెళ్లాడు. తలుపు తీసిన ఆవిడకి ముందు యూనిఫామే కనబడింది. వెనకున్న భర్తని చూడనేలేదు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

"వెతుక్కోండి," అంది.

ఆయన టోపీ తీసేశాడు. గడప దాటలేదు.

"దొంగ కోసం రాలేదమ్మా," అన్నాడు చివరికి. "దొంగే వచ్చాడు."